వానలకు ముందు గ్రీజు

మా మనవడు ఇనుముని తిప్పుతూ చెక్కే చిన్న లేత్ మిషన్ ఒకటి కొన్నాడు. కుట్టు మిషన్ కంటే కాస్త పెద్దది, అంతే. పుంగ్గోల్‌లో మా అమ్మాయి ఫ్లాట్‌లో, ఈ దేశపు కొత్త ఫ్లాట్లన్నిటిలోలాగే, బాంబ్ షెల్టర్ గది ఒకటి ఉంది. బాంబులేవీ పడలేదు గనక అందరిలాగే మేమూ అందులో బియ్యం సంచులు, పాత సూట్‌కేసులు, పండగ సామాను పెట్టుకున్నాం. వాడు అవన్నీ హాల్లోకి లాగేసి మిషన్‌ని లోపల పెట్టాడు.

"బట్టలు ఆరేసుకోడానికే చోటు లేదు, దీనికో గది కావాలా?" అని మా అమ్మాయి అరిచింది.

"ప్లీజ్ లా, మా. ఇయర్ ఎండ్ రెయిన్ స్టార్ట్ అయితే మొత్తం రస్ట్ పట్టేస్తుంది. ఇక్కడైతే డ్రై" అన్నాడు వాడు.

తేమ పీల్చే తెల్ల పొట్లాలు తెచ్చి సొరుగుల్లో వేశాడు. తలుపు సందుకి రబ్బరు పట్టీ అంటించాడు. తరవాత ఒక డబ్బా మూత తీసి, గుడ్డతో ఇనుముకి గ్రీజు పూయడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. ఆ వాసన అక్కడిదాకా వచ్చింది. నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"అమ్మమ్మా, స్మెల్ స్ట్రాంగా? డోర్ క్లోజ్ చెయ్యనా?"

"మూయకు" అన్నాను.

మా అయ్యకీ ఒక లేత్ మిషన్ ఉండేది. ఈ చిన్న దీవి దేశానికి ఉత్తరం కొసన, సముద్రం ఒడ్డున, మా కంపోంగ్‌లో. కంపోంగ్ అంటే ఈనాటి పిల్లలకి తెలియదు. చెక్క గోడలు, రేకు కప్పులు, ఇళ్ళ మధ్య కోళ్ళు, బురద. మా ఇల్లు ఎక్కడుండేదో చూపించమంటే ఇప్పుడు చూపించలేను. ఇళ్ళు తీసేశారు, నేల ఎత్తు పెంచారు, సముద్రాన్ని కూడా వెనక్కి నెట్టారు. ఇక దేన్ని గుర్తుపట్టను?

మా తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల పనికి వచ్చాడు. అయ్య తోటల్లో ఉండలేక దొరల ఓడల బేసులో కూలీగా చేరి, అక్కడ లేతు పని పట్టుకున్నాడు. దొరలు ఈ దేశం ఖాళీ చేసి వెళ్ళిపోతూ పాత సామానంతా వేలం వేశారు. అయ్య తను నిలబడి పనిచేసిన మిషన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. అది లారీ దిగిన రోజు కంపోంగంతా వచ్చింది. కొబ్బరి దుంగలు అడుగున వేసి దొర్లించుకుంటూ షెడ్డులోకి తోశారు. అమ్మ ఎదురొచ్చి దిష్టి తీసి హారతి ఇచ్చింది.

మా మేనత్త పక్కింట్లోనే ఉండేది. భర్త పోయాక తమ్ముడి పక్కన ఇల్లు వేసుకుంది. ఆమె నోరు ఊరుకోదు.

"ఒలే మరదలా, నా తమ్ముడు రెండో పెళ్ళాన్ని తెచ్చీసినాడు. సూసుకో!"

"తెచ్చుకోనీ వొదినా. దీనికి సీర కొనక్కర్నేదు, నూనె పోస్తే సాలు" అంది అమ్మ.

అయ్య ఆ మాటకి నవ్వాడు. అయ్య నవ్వితే ముందు భుజాలు కదిలేవి, శబ్దం తరవాత వచ్చేది.

నన్ను బడికి పంపలేదు. ఆడగుంటకి బడెందుకని అత్త అంది, కాదని ఎవరూ అనలేదు. నా పేరు నేను రాసుకోవడం వచ్చేసరికి నాకు మనవలు పుట్టారు. బడి లేదు కనక షెడ్డులోనే పెరిగాను. నా తరవాత పుట్టినవాళ్ళు నిలవలేదు కనక అయ్యకి అందించేదాన్నీ నేనే, ఊడ్చేదాన్నీ నేనే. డీజిల్ ఇంజన్ డబడబమంటుంటే పొడుగాటి పట్టా తిరిగేది, మిషన్ తిరిగేది, ఇనుము మీంచి పొగ లేచేది. వేడి నూనె వాసన ఒకవైపు, బయట ఆరేసిన ఎండు చేపల వాసన ఒకవైపు, పక్కన మలయ్ వాళ్ళింట్లో బెలచాన్ అనే రొయ్యల ముద్ద వేయిస్తే వచ్చే ఘాటు ఒకవైపు. అన్నిటి మధ్య నుంచి అమ్మ చేపల పులుసు వాసన వచ్చిందంటే అయ్య ఇంజన్ ఆపేసేవాడు. ఎంత సబ్బు రుద్దినా అయ్య గోళ్ళ చుట్టూ నలుపు పోయేది కాదు. ఆయన కలిపి పెట్టిన ముద్దలో కొంచెం మిషన్ వాసన ఉండేది. నాకు ఆ ముద్దే కావాలి.

ఇత్తడిని కోస్తే బంగారు రంగు చుట్టలు రాలేవి. నేను వాటిని గాజుల్లా మోచేతి దాకా వేసుకుని, ఒకటి చెవికి తగిలించుకుని, ఎండు చేపల పందిళ్ళ మధ్య పెళ్ళికూతుర్నయి తిరిగేదాన్ని. చేతులు గీసుకుని రక్తం వచ్చేది. అమ్మ చేపల బుట్ట మూతతో కొట్టేది. అయ్య షెడ్డులోంచి, "కొట్టీకే, పెళ్ళికూతుర్ని ఎవులైనా కొడతారేటి?" అని అరిచేవాడు.

పనంతా బోట్లది. బోటు కింద నీళ్ళలో ఉండే పంకాని తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీలుంటాయి, షాఫ్టులు. అరిగిపోయినవి, వంగిపోయినవి తెచ్చేవారు. ఎక్కువ తెచ్చేది ఒక చైనా ముసలాయన. బోట్లున్నవాడు కనక అందరూ తౌకే, అంటే యజమాని, అనేవారు. చుట్ట కాల్చుకుంటూ వచ్చి బల్ల మీద గొంతుక్కూచుని, తన షాఫ్టు అయ్యేదాకా కదిలేవాడు కాదు. అయ్య మీద నమ్మకం లేక కాదు. ఇంట్లో ముసలమ్మ గోల పడలేక.

ఈ దేశానికి చలికాలం లేదు. వాన ఉంది. ఏడాది చివర సముద్రం మీంచి మబ్బు కమ్ముకొస్తే ఇక వారాల తరబడి అదే. ఉప్పు నీరు కారుతుంది, అగ్గిపుల్ల వెలగదు, పెట్టెలో చీరలకి బూజు పడుతుంది. పోటు, వాన కలిసి వస్తే నీళ్ళు ఇంట్లోకి వచ్చేవి. బోట్లన్నీ ఒడ్డుకెక్కేవి. మిషన్‌కి పనుండదు, కానీ తుప్పు పట్టడానికి అంతకంటే మంచి కాలం లేదు.

బేసులో అయ్యకి పని నేర్పిన దొర చెప్పేవాడట. వాళ్ళ దేశంలో ఇళ్ళ వెనక షెడ్లలో మిషన్లు పెట్టుకుంటారట, మంచు పడబోయే ముందు వాటికి గ్రీజు పూసి దుప్పటి కప్పి పడుకోబెడతారట, ఎండ రాగానే లేపుతారట.

"మంచంటే ఏటయ్యా?" అని అడిగాను.

"ఐస్ బండిలో ఐస్ గీకి ఇత్తాడు సూడు, అది ఆకాశం నుంచి పడతాది."

"ఊరికేనా?"

"ఊరికేనే. దాని మీద పోసే ఎర్ర పాకం మాత్రం పడదు."

ఆ దొర పద్ధతే అయ్య వానకి పెట్టుకున్నాడు. మబ్బు రాకముందే రేకు కప్పు చిల్లులకి తారు పూసేవాడు. షెడ్డు చుట్టూ కాలవ తవ్వేవాడు. చిన్న పనిముట్లన్నీ బిస్కెట్ డబ్బాల్లో వేసి, ఒక్కో డబ్బాలో బొగ్గులు పెట్టేవాడు. బొగ్గు తేమ తాగుతుంది. చివరికి మిషన్. కిరసనాయిలు గుడ్డతో మొత్తం తుడిచి, గ్రీజులో కొవ్వొత్తులు కరిగించి, ఆ వెచ్చటి ముద్దని చేత్తో పూసేవాడు. పైన సిమెంటు సంచుల కాగితం, దాని మీద గోనెలు, దాని మీద టార్పాలిన్. కరిగిన మైనం, గ్రీజు కలిసిన ఆ వాసన వస్తే నాకు ఏడాది అయిపోయినట్టు.

అన్నిటికంటే జాగ్రత్త మిషన్ బెడ్డుకి. బెడ్డంటే రెండు పొడుగాటి ఇనుప పట్టాలు, నీళ్ళలా నున్నగా ఉంటాయి. కోసే పనిముట్టు ఉన్న బండి వాటి మీదే అటూ ఇటూ జారుతుంది. ఆ నునుపు చెడితే షాఫ్టు సరిగ్గా రాదు. సరిగ్గా లేని షాఫ్టు బోటుని కుదిపేస్తుంది. ఆ బోటు వేసుకుని సముద్రం మీదికి వెళ్ళేది మనుషులు.

దసరా సరిగ్గా వానలకి ముందొస్తుంది. ఆయుధ పూజ రోజు మిషన్ అమ్మది. షెడ్డు కడిగి, బెడ్డు పొడుగునా పసుపు రాసి, నిమ్మరసంలో తడిపిన కుంకుమతో వరసగా బొట్లు పెట్టేది. నిమ్మరసంలో తడిపితే ఎరుపు బాగా తేలుతుందని. మిషన్ చక్రానికి మల్లెపూల దండ. నిమ్మకాయలు కోసి నాలుగు వైపులా పెట్టేది. ఆ రోజు ఇంజన్ వెయ్యకూడదు. మర్నాడు పొద్దున్నే అయ్య కిరసనాయిలు గుడ్డ పట్టుకుని తుడిచేసేవాడు. అమ్మ ఆ సమయానికి షెడ్డు వైపు చూసేది కాదు. గోడ వైపు తిరిగి బియ్యం చెరుగుకునేది.

"ఒక్కరోజేనా మావా? ఇంకో రోజు ఉండనీరాదా?"

"అమ్మోరికి ఒక రోజు ఇచ్చినాను. మిగతా రోజులు నాయి."

"ఆ సేత్తోనే నా మొహం కూడా తుడిసీ."

"నీ మొహానికి తుప్పు పట్టదే!"

ఏటా ఇదే మాట, ఏటా ఇదే జవాబు. నాకది వాళ్ళ సరసంలాగే ఉండేది.

ఒక ఏడు అయ్యకి దగ్గు పట్టింది. ఇనుప దుమ్మని అందరం అనుకున్నాం. దసరా ఇంకా కొన్నాళ్ళుందనగా మిషన్ ముందు నిలబడి దగ్గుతూ దగ్గుతూ గుడ్డ నోటికి పెట్టుకున్నాడు. తీసి చూసుకున్నాడు. ఇంజన్ ఆపాడు. అమ్మని పిలవలేదు, తౌకే కోసం నన్ను పంపాడు. తౌకే తన చేపల లారీ తెచ్చి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. క్షయ అన్నారు. నెలల తరబడి అక్కడే ఉండాలన్నారు.

పిల్లల్ని వార్డులోకి రానిచ్చేవారు కాదు. నేను తౌకే వెంట వెళ్ళి బయట గడ్డిలో నిలబడితే అయ్య వరండా కటకటాల దగ్గరికి వచ్చేవాడు. ఆస్పత్రి బట్టల్లో చిన్నగా కనబడ్డాడు. ఎలా ఉన్నావని నేను అడగలేదు, ఏం తిన్నావని ఆయన అడగలేదు.

"వానలొస్తన్నాయి. మిషన్ నువ్వే సూసుకోవాల."

"సూసుకుంటాను."

"ముందు తుడువు. తడి మీద గ్రీజు పెట్టీకు. తడి నోపలుంటే గ్రీజు దాన్ని దాసి పెడతాది. నానొచ్చీసరికి మిషన్ నిలబడాల. అది నిలబడితే నాను నిలబడతాను."

ఆ మాట నేను ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ విన్నది. మర్నాటి నుంచి ఇద్దరం పనిలో దిగాం. అమ్మ చీర గోచీ పోసుకుని రేకు కప్పెక్కింది. నేను తారు డబ్బా అందించాను. కింద నుంచి అత్త ఒకటే కేకలు.

"దిగవే! పక్కింటోళ్ళు సూస్తన్నారు! కాళ్ళన్నీ అగుపిస్తన్నాయి!"

"సూడనీ వొదినా! కప్పు కారితే ఆళ్ళొచ్చి ఎత్తిపోస్తారేటి?"

తారు నా జుట్టుకి అంటుకుంది. కొబ్బరి నూనె, కిరసనాయిలు పెట్టి అత్త గుంజి గుంజి తీసింది, సగం జుట్టు కత్తిరించి పారేసింది. కాలవ తవ్వాం. బొగ్గులు ఎండబెట్టి డబ్బాల్లో వేశాం. అయ్య లేకపోయినా అయ్య చేసినట్టే జరుగుతుంటే నాకు లోపల ఒక ధైర్యం పుట్టింది. అన్నీ సరిగ్గా చేస్తే ఆయన వస్తాడు, అంతే లెక్క.

దసరా రోజు అమ్మ పూజ చేసింది. ఏనాడూ పెట్టనంత పసుపు పెట్టింది. కుంకుమ బొట్లు కూడా చిన్నవి కావు, బొటనవేలితో ఒత్తి ఒత్తి, బెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా. పెదాలు కదుపుతూ పెట్టింది. ఎవరికి ఏం చెప్పుకుందో నాకు వినబడలేదు.

అత్త షెడ్డు గుమ్మం బయట నిలబడింది. పూజ దగ్గరికి ఆమె రాదు. అక్కడి నుంచే అంది, "మా ఆయన పడకేసినప్పుడు ఎండలో నీళ్ళు మోసుకొచ్చి, సెమటకి కొంగుతో మొహం తుడుసుకున్నాను. బొట్టు సెరిగిపోనాది. సూసుకోనేదు. ఆ సాయంత్రమే..." తరవాత మాట మింగేసింది. అత్త మాట మింగడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున నేను గుడ్డ కిరసనాయిల్లో ముంచి షెడ్డులోకి వెళ్ళాను. అమ్మ వెనక నుంచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"తుడిసీకు."

"అయ్య తుడవమన్నాడే."

"మీ అయ్య ఇంటికొచ్చి ఆయన సేత్తో తుడుసుకుంటాడు. నువ్వు ముట్టుకోకు."

"అప్పటికి తుప్పు పట్టెస్తాదమ్మా!"

"పట్టనీ."

"మిషన్ పోతే అయ్య ఏటి సేస్తాడు?"

"మిషన్ పోతే ఇంకోటి తెచ్చుకుంటాడు. ఆయన పోతే నానేటి తెచ్చుకోను?"

ఆ మాట అన్నప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. మొండితనం ఉంది. నా చేతిలో గుడ్డ లాక్కుని బయట పారేసింది. భర్త ఆస్పత్రిలో ఉండగా ఇంట్లో ఆడది చేత్తో కుంకుమ తుడవడమా? ఆమె వల్ల కాదు. అది ఇనుము మీద కుంకుమే కావచ్చు. ఆమెకి తేడా లేదు.

పొయ్యి మీద గ్రీజు, కొవ్వొత్తులు కరిగించింది. బొట్లు చెరక్కుండా, పసిపిల్లకి నలుగు పెట్టినట్టు మెత్తగా, వాటి మీదే పూసింది. కాగితం కప్పాం. గోనెలు కప్పాం. టార్పాలిన్ తాళ్ళు నేను కట్టాను. ఆ సాయంత్రం నుంచే వాన పట్టుకుంది.

ఆ వానలు నాకు తడి గోనె వాసనగానే గుర్తు. ఉడకబెట్టిన కర్రపెండలం దుంప, ఎండు చేప ముక్క, గంజి, అదే తిండి. నీళ్ళు రెండుసార్లో ఎన్నిసార్లో ఇంట్లోకి వచ్చాయి. మంచం మీద కూర్చుని కింద చెప్పులు తేలడం చూశాం. రోజూ తానం చేసి తన మొహాన బొట్టు పెట్టుకోగానే అమ్మ గొడుగేసుకుని షెడ్డు దాకా వెళ్ళి తలుపు మీద చెయ్యి పెట్టి వచ్చేది. లోపలికి వెళ్ళేది కాదు.

ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ అయ్య అడిగేది ఒకటే.

"గ్రీజు పెట్టినారా?"

"పెట్టినాం మావా."

"ముందు తుడిసినారా?"

"ఆఁ" అనేది అమ్మ.

ఆయన కటకటాల్లోంచి నా వైపు చూసేవాడు. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసి ఉండేది. ఆ చెయ్యి నా భుజాన్ని నొక్కేది.

వానలు వెలిశాయి. చైనా వాళ్ళ పండగ టపాకాయల ఎర్ర కాగితాలు రోడ్ల మీద ఇంకా ఊడ్చకముందే అయ్య ఇంటికొచ్చాడు. నడిచి వచ్చాడు. కంపోంగ్ మొదట్లో తౌకే లారీ దిగి, ఆ దారంతా తనే నడిచాడు. ఏడాది దాకా బరువు పని వద్దని డాక్టరు చెప్పాడు. అత్త తన గుమ్మంలోనే ముద్ద కర్పూరం వెలిగించింది. అమ్మ ఆయన కాళ్ళు కడిగి, ఆ తడి చేతులతోనే తన బొట్టు తడిమి చూసుకుంది. ఉందో లేదో అని. ఆ రోజు అమ్మ మొహం చూసినవాళ్ళకి ఆమె గెలిచిందని తెలిసేది.

అయ్య అన్నం తినలేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళాడు.

తాళ్ళు విప్పాడు, గోనెలు తీశాడు, కాగితం ఒలిచాడు. పైపైన అంతా బాగానే ఉంది. గుడ్డతో గ్రీజు తీస్తుంటే కింద నుంచి గోధుమ రంగు వచ్చింది. ఒకటి. పక్కన ఇంకొకటి. బెడ్డు పొడుగునా, వరసగా, గుండ్రంగా. నిమ్మరసం ఇనుముని తినేసింది. పసుపు రాసిన మేరంతా గరుకు. అయ్య గోటితో ఒక మచ్చ గీకాడు. గోరు లోపలికి దిగింది.

అమ్మ గుమ్మంలో నిలబడింది. నేను ఇద్దరి మధ్యా ఉన్నాను.

అయ్య గుడ్డతో గోరు తుడుచుకున్నాడు. తరవాత అమ్మ వైపు తిరక్కుండానే, "ఎందుకే?" అన్నాడు.

"నువ్వొచ్చినావు గదా" అంది అమ్మ.

అయ్య ఆ మచ్చల్ని చూశాడు. "వచ్చినాను" అన్నాడు. అంతే. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకోలేదు. తిట్టుకుంటే బాగుండేది.

రెండో రోజు తౌకే షాఫ్టు పట్టుకుని వచ్చేశాడు. బెడ్డు చూసి చుట్ట నోట్లోంచి తీశాడు. "అయ్యో" అని మలయ్‌లో ఏదో గొణిగి, "వేరే చోట చేయించుకుంటాలే, నువ్వు పడుకో" అన్నాడు. మంచికే అన్నాడు. అయ్యకి అది గుచ్చుకుంది.

బెడ్డుని పెద్ద వర్క్‌షాప్‌లో మిషన్ మీద సాపు చేయించవచ్చు. కానీ దాన్ని ఊడదీసి అక్కడిదాకా చేర్చడం మా వల్ల అయ్యేది కాదు. చేత్తో చేసే పద్ధతి ఒకటుంది, దొర నేర్పిందే. తిన్నగా ఉన్న ఇనుప పలకకి నూనెలో కలిపిన ఎర్ర రంగు పూసి బెడ్డు మీద పెట్టి జరపాలి. ఎత్తుగా ఉన్నచోట ఎరుపు అంటుకుంటుంది. ఆ ఎర్ర చుక్కల్ని పదునైన పరికరంతో గీకాలి. తుడవాలి. మళ్ళీ ఎరుపు పూయాలి. మళ్ళీ చుక్కలు. మళ్ళీ గీకాలి, తుడవాలి. గుంటల లోతు దాకా మొత్తం ఇనుము అలా దిగాలి. గట్టివాడికే వారాల పని. వంగి, ఛాతీ ఆనించి, ఒళ్ళంతా బలం పెట్టి గీకే పని.

డాక్టరు మాట అమ్మ గుర్తుచేసింది. ఆయన విన్నట్టే లేడు.

"మావా, వద్దు. కాళ్ళట్టుకుంటాను. ఇంకేదేనా పని సూసుకుందాం. నానెళ్ళి సేపలమ్ముతాను."

"నువ్వు సేపలమ్ము. నానిది సేస్తాను."

"నీ ఒళ్ళు బాగోనేదయ్యా!"

"దీని ఒళ్ళూ బాగోనేదు."

పొద్దుటి నుంచి షెడ్డులో ఆ చప్పుడే. గర్, గర్, గర్. ఆగితే దగ్గు. దగ్గు ఆగితే మళ్ళీ గర్. రెండిట్లో ఏది వినబడుతోందా అని చెవి పెట్టుకుని ఉండేవాళ్ళం. నేను పలకకి రంగు పూసి అందించేదాన్ని, తుడిచేదాన్ని. అమ్మ గంజి పట్టుకుని వచ్చేది. ఆమె వచ్చేసరికి బెడ్డు నిండా ఎర్ర చుక్కలుండేవి. ఆమె కళ్ళ ముందే గుడ్డ వాటి మీదుగా వెళ్ళేది. గంజి అక్కడ పెట్టి వెళ్ళిపోయేది. ఒకసారి ఇంటి వెనక కోళ్ళ గూడు పక్కన కూర్చుని బొట్లు ఒత్తిన ఆ బొటనవేలుని నేలకేసి రాస్తూ ఉంటే చూశాను. నన్ను చూసి, "ముల్లు గుచ్చుకున్నాది" అంది.

ఒకరోజు అయ్య పలక పెట్టి జరిపి తీస్తే బెడ్డంతా సమానంగా ఎర్రగా వచ్చింది. నన్ను పిలిచి చెయ్యి పెట్టి చూడమన్నాడు. నీళ్ళ మీద చెయ్యి పెట్టినట్టుంది. తౌకే షాఫ్టు తెచ్చాడు. ఇంజన్ వేశారు. బండి తడబాటు లేకుండా ఈ చివర నుంచి ఆ చివరకి జారింది. తౌకే ఆ షాఫ్టుని బల్ల మీద దొర్లించి చూసి, అయ్య నోట్లో తన చుట్ట పెట్టబోయి, గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది.

అదొక్కటే షాఫ్టు. ఆ వారంలోనే అయ్య మళ్ళీ నోటికి గుడ్డ పెట్టుకున్నాడు. ఈసారి తౌకేని నేను పిలవక్కర్లేకపోయింది, దగ్గు విని అతనే వచ్చాడు. అయ్య కటకటాల దగ్గరికి రాలేకపోయేవాడు. నేను గడ్డిలో నిలబడి ఖాళీ వరండాని చూసి వచ్చేదాన్ని. మబ్బులు ఇంకా కట్టకముందే పోయాడు.

ఇంట్లో ఆ ఏడు పండగలు లేవు. దసరా వచ్చి వెళ్ళిందని గుడి వైపు నుంచి వచ్చే చప్పుళ్ళు వింటేనే తెలిసింది. ఒకరోజు పొద్దున అమ్మ నన్ను లేపింది. తెల్ల చీర, బోసి నుదురు. "పదే, మిషన్‌కి గ్రీజు పెట్టాల" అంది.

"ఎవులికమ్మా?"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది. షెడ్డులోకి వెళ్ళి గుడ్డ తనే కిరసనాయిల్లో ముంచింది. బెడ్డు మీద ఏమీ లేదు. పసుపు లేదు, కుంకుమ లేదు. అయినా తుడిచింది. ఈ చివర నుంచి ఆ చివరకి, తిరిగి ఇటు, పట్టాల అడుగున, మూలల్లో, వేలికి గుడ్డ చుట్టుకుని సందుల్లో. ఎండిన గుడ్డతో మళ్ళీ తుడిచింది. చెయ్యి పెట్టి తడి లేదని చూసుకుంది. అప్పుడు గ్రీజు కరిగించింది. నేను చెయ్యబోతే చెయ్యనివ్వలేదు. అన్నీ తనే చేసింది, అయ్య చేసినట్టే, ఒక్కటి తప్పకుండా.

వానలు వెలిశాక తౌకే ఒక మనిషిని తీసుకొచ్చాడు, మిషన్ కొనుక్కోవడానికి. మా కంపోంగ్ ఖాళీ చేయమన్నారు. ఫ్లాట్‌కి వెళ్ళాలి, పై అంతస్తులో లేతు ఎక్కడ పెడతాం? ఆ మనిషి గోనెలు తీసి, కాగితం ఒలిచి, గుడ్డతో బెడ్డు తుడిచాడు. వెలుతురు పడి మెరిసింది. వంగి చూసి, "ఒక్క మచ్చ లేదు" అని మలయ్‌లో అన్నాడు.

అమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. తనూ వంగి చూసింది. అరచెయ్యి పెట్టి ఆ చివర దాకా రాసింది. తరవాత అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. అయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. అత్త పరిగెత్తుకొచ్చి లేవదీయబోతే లేవలేదు. "ఒక్క మచ్చ నేదు వొదినా. ఒక్క మచ్చ నేదు" అని అదే మాట. కొనడానికి వచ్చినవాడికి తెలుగు రాదు. తను చేసిన తప్పేమిటా అని టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ రోజు అమ్మకి ఉన్న వయసు కంటే ఇప్పుడు మా అమ్మాయి వయసే ఎక్కువ. తరవాత అమ్మ చాలా ఏళ్ళు ఫ్లాట్‌లోనే బతికింది. తన వల్లే అయ్య ఆ ఒక్కసారి ఇంటికి నడిచి వచ్చాడని నమ్మింది. తన వల్లే మళ్ళీ వెళ్ళిపోయాడని కూడా నమ్మింది. ఆ రెండింటినీ విడదీసి చూడడం ఆమెకి చేతకాలేదు. మందులు, సూక్ష్మక్రిములు, ఊపిరితిత్తులు అని చదువుకున్నవాళ్ళు చెబితే నేనూ తలూపుతాను. కానీ ఎంత ఆలోచించినా, వాటిని విడదీసి చూడడం నాకూ చేతకావడం లేదు.